మధురవాణి తరువాత ఇందిర

శ్రీకూర్మనాథుని ఆలయ స్తంభములపై చెక్కిన శాసనములను ఓపికతో చదువువారికి, గాంగరాజుల కాలము మొదలుకొని దీపములకును నైవేద్యములకును దానము లిచ్చినవారి పేర్ల నడుమ అక్కడక్కడ స్త్రీల పేర్లును కానవచ్చును. ఫలానావారి భార్య అఖండదీపమునకై ఇంత ఇచ్చినదని శిల చెప్పును. ఇచ్చిన నాడు ఆమె మనసులో నేమున్నదో చెప్పదు. కళింగసీమ ఆడుది తన మనసు తాను విప్పి చెప్పుకొనుటకు శతాబ్దములు పట్టినది. అట్లు చెప్పినవారిలో, మా ఉత్తరాంధ్రము తలచుకొనవలసినంతగా తలచుకొనని నవలారచయిత్రి డాక్టరు పి. శ్రీదేవిగారు.

ఆమెకు పూర్వము ఈ ప్రాంతపు ఆడపిల్ల అక్షరములలోనికి వచ్చిన తీరు వేరు. విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు, విశాఖపట్టణ మండలములో మూడు సంవత్సరముల కాలమున బ్రాహ్మణ కుటుంబములందు పిల్లకు వెల కట్టి జరిపిన శుల్కవివాహముల పట్టికను వ్రాయింపగా అవి 1034 తేలెననియు, వారిలో 99 మంది పెండ్లికూతుండ్రు అయిదేండ్ల వారనియు, ముగ్గురు ఏడాది పసికందులనియు గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము' పీఠికలో తెలిపినారు. ఆ పట్టికలో ఆడపిల్ల ఒక అంకె. ఆ అంకెల వెనుకనున్న దుఃఖమునుండి పుట్టి 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన ఆ నాటకము 1909 నాటి కూర్పుతో నిండురూపు దాల్చినప్పుడు, మధురవాణి వంటి ప్రజ్ఞావతి తెలుగువారికి దక్కినది. ఆమె మాటకు ఎదురు చెప్పగల మగవాడు ఆ నాటకములో అరుదు. అయినను ఆ మాటను ఆమెకు అందించినది పురుషుని కలము. గురజాడవంటి మహానుభావుని కలమగుట మన అదృష్టమే కాని, స్త్రీ తన్ను గూర్చి తాను వ్రాయుటలో గల వేరొక వెలుగు అప్పటికి రాలేదు.

శ్రీదేవిగారు 1929 సెప్టెంబరు 21న అనకాపల్లిలో ఒక వైద్యుని ఇంట జన్మించిరి. ఆడపిల్లకు పదునాలుగేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని విధించిన శారదా చట్టము కేంద్ర శాసనసభ ఆమోదము పొందినది ఆ నెల చివరి దినములలోనే. తేదీల కలయికను నేను దైవఘటనగా చెప్పుట లేదు. గురజాడవారు చెప్పిన పట్టికలోని పిల్లలకు దొరకని బాల్యము ఆమె తరమునకు చట్టరీత్యా దొరికినదని మాత్రము చెప్పుచున్నాను. ఆ బాల్యము వెంట చదువు వచ్చినది. 1923లో విశాఖపట్టణమున వెలసిన వైద్య కళాశాలయు, ఆ వెనుక వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయమును ఈ తీరమునకు క్రొత్త గాలిని తెచ్చినవి. అద్దెగదులలో నుండి చదువుకొను యువకులు, పుట్టినిల్లు విడిచి వచ్చి ఒంటరిగా నెట్టుకొనివచ్చు యువతులు, నెల జీతముతో ఇల్లు నడుపు ఆడపిల్లలు ఊరిలో కనబడసాగిరి. శ్రీదేవిగారు తామును వైద్యురాలై, ఆ క్రొత్త లోకమును లోపలినుండి చూచిరి.

ఖాసా సుబ్బారావుగారు స్థాపించిన 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో, గోరాశాస్త్రిగారి సంపాదకత్వమున, 1957 చివరి నెలలనుండి 1958 ఆరంభము వరకు ఆమె నవల 'కాలాతీత వ్యక్తులు' ధారావాహికముగా వెలువడినది. అందు విశాఖలో మేడమీది వాటాలో తండ్రితో కాపురముండు ఇందిర యున్నది. తండ్రి ఆనందరావు సంపాదింపలేడు. ఉద్యోగము చేసి ఇల్లు గడుపవలసినది ఇందిరయే. ఇంతవరకైనచో త్యాగమూర్తి కథ కాగలదు. కాని ఇందిర త్యాగము చేయనొల్లదు. తనకును యౌవనమున్నదని, సుఖము కావలెనని, అది వెదకికొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదని ఆమె నమ్మిక. అవసరమైనచో తోటి ఆడపిల్ల కల్యాణి మనసు నొచ్చుటయు ఆమెకు లెక్క కాదు. వైద్యవిద్యార్థి ప్రకాశము కల్యాణియెడ అనురాగము గలవాడై యుండియు, ఇందిర వైపు ఒరిగి, చివరకు పెద్దల యెదుట నోరు మెదపలేక ఇద్దరికిని కాకుండ పోవును. పరులకు కీడు చేయు దుర్మార్గుడు కాడు, వెన్నెముక లేనివాడు. అటువంటివారు మన ఇండ్లలో ఎందరు లేరు!

నాటి నవలలలో ఇందిరవంటి స్త్రీకి సాధారణముగా రెండే గతులు, పశ్చాత్తాపమో పతనమో. శ్రీదేవిగారు ఆ రెంటిని ఆమెకు విధింపలేదు. ప్రకాశము మిత్రుడైన కృష్ణమూర్తిని అతని లోపములతో సహా ఎరిగి, అతనితో జీవితమును ముడివేసికొనుటకు ఇందిర తానే నిశ్చయించుకొనును. రోగిని పరీక్షించు వైద్యుడు జబ్బుకు కారణము వెదకునే కాని, రోగి మంచివాడా చెడ్డవాడా అని తర్కింపడు. ఆ చూపే ఈ నవలను నడిపించిన చూపు. కల్యాణి సౌమ్యతను ఎంత ఆదరముతో చిత్రించిరో, ఇందిర కాఠిన్యమును అంతే ఆదరముతో చిత్రించుట చేతనే, నా దృష్టిలో ఈ రచన తెలుగు నవలలలో అగ్రశ్రేణికి చెందినది.

ఆమె కవితలును కథలును వ్రాసిరి. 'ఉరుములు-మెరుపులు' అను కథాసంపుటి మిగిలినది. నవల మాత్రము ఒక్కటే. ఏడిదము సత్యవతిగారు 1934లోనే 'ఆత్మచరితము' ప్రకటించి తెలుగు స్త్రీ స్వీయచరిత్రకు దారి వేసియుండిరి. శ్రీదేవిగారికి ఆ దారి నడచు వయసే రాలేదు. 1961 జులై 29న, ముప్పదిరెండేండ్లు నిండకుండగనే, వ్యాధిగ్రస్తులై గతించిరి. ఆమె తరమునాటి చదువుకొన్న ఆడపిల్లల జ్ఞాపకములను వెదకువారికి ఆ నవలయే శరణ్యము. 1963లో ఆదుర్తి సుబ్బారావుగారి దర్శకత్వమున ఈ నవల ఆధారముగా 'చదువుకున్న అమ్మాయిలు' అను చలనచిత్రము వచ్చి జనాదరణ పొందినది. ఆ చిత్రము చక్కని వినోదము. దానిని మాత్రమే చూచినవారు, ఈ కథ ఎరుగుదుమని అనుకొనక, పుస్తకము తెరచి ఇందిరను ఆమె ఇంటనే కలిసికొనవలెనని నా ప్రార్థన.