టార్షన్ (పురి)

టార్షన్ అనగా పురి పెట్టుట, మెలి తిప్పుట అని స్థూలార్థం. ఈ ఒక్క పేరు భౌతిక శాస్త్రంలో ఒక రకం వికృతిని, జ్యామితిలో వక్రరేఖకు ఉండే ఒక లక్షణాన్ని, బీజగణితంలో సమూహంలోని కొన్ని మూలకాలను, వైద్యంలో ఒక అత్యవసర స్థితిని సూచిస్తుంది. వీటిలో కొన్నింటి మధ్య నిజమైన సంబంధం ఉంది. కొన్నింటి మధ్య పేరు తప్ప మరేమీ లేదు. సమూహ సిద్ధాంతం మొదలుపెట్టిన విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

తాడులో పురి

కోనసీమలో కొబ్బరి పీచుతో తాడు పేనే పద్ధతి టార్షన్‌కు చక్కని ఉదాహరణ. పీచు పోగు పొడవు ఇంచుమించు జానెడు మాత్రమే. అటువంటి పోగులను ఒక దిశలో పురిపెట్టి పాయ చేస్తారు. తరువాత రెండు మూడు పాయలను కలిపి వ్యతిరేక దిశలో పేనుతారు. ప్రతి పాయ తన పురిని విప్పుకోవాలని చూస్తుంది, కాని అది విప్పుకోబోతే తాడు పురి మరింత బిగుస్తుంది. తాడు విప్పుకోబోతే పాయల పురి బిగుస్తుంది. ఈ రెండూ ఒకదానినొకటి నిలువరించటం వలన తాడు నిలుస్తుంది. రెండుసార్లూ ఒకే దిశలో తిప్పితే వదిలిన వెంటనే విడిపోతుంది.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో మాఘమాసాన లక్ష్మీనరసింహస్వామి రథోత్సవం జరుగుతుంది. రథాన్ని లాగే మోకు వంటి పెద్ద తాళ్ళ బలం కూడా పురిలోనే ఉంది. లాగే బలం పెరిగేకొద్దీ పురి వలన పోగులు ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకొని, ఘర్షణ పెరిగి, జారకుండా ఉంటాయి.

ఘనపదార్థాలలో

గుండ్రని కడ్డీ ఒక కొనను బిగించి రెండవ కొనను తిప్పితే అది కొంత కోణం మేర మెలి తిరుగుతుంది. ఈ కోణం తిప్పే టార్క్‌కు, కడ్డీ పొడవుకు అనులోమానుపాతంలోను, పదార్థపు దృఢతా గుణకానికి, వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి విలోమానుపాతంలోను ఉంటుంది. అనగా వ్యాసార్ధం రెట్టింపయితే కడ్డీని అంతే కోణం తిప్పటానికి 16 రెట్లు టార్క్ కావాలి. మోటారు పడవలో ఇంజను నుండి పంకాకు పోయే ఇరుసును తయారుచేసేటప్పుడు చూసుకోవలసిన ముఖ్యమైన లెక్క ఇదే.

సన్నని తీగ మెలికకు సంబంధించిన నియమాలను ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 1784లో వివరించాడు. ఆ సూత్రంపై పనిచేసే త్రాసుతోనే హెన్రీ కేవెండిష్ 1797-98లో భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని లెక్కగట్టాడు. నేటి విలువ సుమారు 5.51.

సమూహ సిద్ధాంతంలో

ఒక మూలకాన్ని దానితోనే కొన్నిసార్లు కలుపుకుంటూ పోతే తిరిగి తత్సమ మూలకం వస్తే దానిని టార్షన్ మూలకం అంటారు. ఎన్ని మార్లకు తిరిగి వస్తుందో ఆ కనిష్ఠ సంఖ్య దాని ఆర్డర్.

దీనికి తెలుగు సంవత్సరాల పేర్లు మంచి ఉదాహరణ. ప్రభవ నుండి అక్షయ వరకు 60 పేర్లు. ఒక్కొక్క ఏడు జరిగితే 60 మార్లకు మొదటి పేరు వస్తుంది. 12 ఏళ్ళ చొప్పున జరిగితే 5 మార్లే చాలు. గోదావరి పుష్కరాలు 1991లో ప్రజోత్పత్తి, 2003లో స్వభాను, 2015లో మన్మథ నామ సంవత్సరాలలో వచ్చాయి; ఈ మూడు పేర్ల మధ్య దూరం పన్నెండేసి. (బృహస్పతి పరిభ్రమణ కాలం 12 ఏళ్ళకు కొంచెం తక్కువ కనుక ఈ లెక్క ఎల్లకాలం సరిపోదు.) ఈ అరవై పేర్ల సమూహంలో ప్రతి మూలకమూ టార్షన్ మూలకమే. శక సంవత్సరపు అంకె అలా కాదు. అది పెరుగుతూనే పోతుంది, తిరిగి రాదు. పూర్ణాంకాల సంకలన సమూహంలో సున్న తప్ప టార్షన్ మూలకాలు లేవు.

వినిమయ సమూహంలో టార్షన్ మూలకాలన్నీ కలిసి ఒక ఉపసమూహం అవుతాయి. వినిమయ ధర్మం లేకపోతే ఈ మాట నిజం కాకపోవచ్చు. అంతర్వేది తీరం వెంట తిన్నని గీతపై 100 మీటర్ల ఎడంలో రెండు గుంజలు పాతామనుకుందాం. గీత మీది ప్రతి బిందువును మొదటి గుంజకు అటునుండి ఇటు ప్రతిబింబింపజేయటం రెండుసార్లు చేస్తే యథాస్థితి వస్తుంది. రెండవ గుంజ విషయమూ అంతే. కాని ఒకదాని తరువాత ఒకటి చేస్తే ప్రతి బిందువూ 200 మీటర్లు జరుగుతుంది. ఎన్నిసార్లు చేసినా వెనక్కి రాదు. రెండు టార్షన్ మూలకాలను కలిపితే టార్షన్ లేని మూలకం వచ్చింది.

అన్ని మూలకాలూ టార్షన్‌వే అయి, కొద్ది మూలకాలతోనే జనించే సమూహం పరిమితం కావాలా అని బర్న్‌సైడ్ 1902లో ప్రశ్నించాడు. కానక్కరలేదని 1964లో గొలోద్, షఫారెవిచ్‌ల కృషి వలన తేలింది.

పేరు ఎలా వచ్చింది

అంకెలు చక్రంలో తిరగటానికి పురి అనే పేరెందుకు? ఇది టోపాలజీ నుండి వచ్చింది. మొబియస్ పట్టీ వలె తనలో తాను మెలిపడిన ఆకారాలను దృష్టిలో ఉంచుకొని పాంకరే 1900 ప్రాంతంలో ఈ మాట వాడాడు. అటువంటి కొన్ని ఆకారాలలో ఒక చుట్టును బిందువుగా కుదించలేము, కాని అదే దారిలో రెండుసార్లు తిరిగిన చుట్టును కుదించగలము.

దీనిని మంచం నవారుతో ఇంట్లోనే చూడవచ్చు. నవారు ఒక కొనను గోడకు బిగించి, రెండవ కొనను ఒక పుస్తకానికి కట్టాలి. పుస్తకాన్ని ఒక పూర్తి చుట్టు తిప్పి, తరువాత దానిని తిప్పకుండా, నవారును దాని మీదుగా, చుట్టూ ఎలా పోనిచ్చినా ఆ మెలిక పోదు. రెండు చుట్లు తిప్పితే మాత్రం పోతుంది! త్రిమితీయ భ్రమణాలకు సంబంధించిన ఆర్డర్ 2 గల టార్షన్ మూలకం ఇదే. ఎలక్ట్రాన్ స్పిన్ కూడా ఈ ధర్మంతో ముడిపడినదే.

వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం, స్వీడన్‌కు చెందిన ప్లేయెల్‌తో కలిసి 1949లో ప్రచురించిన జీటా ప్రమేయం ఈ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం. విశ్లేషణాత్మక టార్షన్ అన్న భావన అప్పటికి లేదు. 1971లో రే, సింగర్‌లు దానిని నిర్వచించినది అటువంటి జీటా ప్రమేయాలతోనే. అది రైడెమైస్టర్ టార్షన్‌కు సమానమని చీగర్, ముల్లర్ విడివిడిగా నిరూపించారు.

ఇతర శాస్త్రాలలో

వక్రరేఖ ఒక తలం నుండి ఎంత వేగంగా తప్పుకొంటుందో తెలిపే కొలత కూడా టార్షన్. తాడులోని పాయ దారి వంటి సర్పిలానికి ఇది అంతటా ఒకే విలువ కలిగి ఉంటుంది. రసాయన శాస్త్రంలో టార్షన్ కోణాలు అణువుల మెలికను కొలుస్తాయి. మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో రూపొందించిన ప్రోటీన్ పటానికి ఆధారం ఈ కోణాలే.

వైద్యంలో అవయవం తన రక్తనాళాలతో సహా మెలిపడి రక్త ప్రసరణ ఆగిపోవటాన్ని టార్షన్ అంటారు. ముఖ్యంగా కౌమార దశలోని బాలురలో వృషణం మెలిపడి హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, తరచు వాంతులు కలుగుతాయి. సుమారు 6 గంటలలోపు మెలిక విప్పితే అవయవం దక్కే అవకాశం చాలా ఎక్కువ, ఆపై వేగంగా తగ్గుతుంది. కనుక సిగ్గుపడి దాచకుండా వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి వెళ్ళాలి.