డోలి పాటను ఆల్బంతో కొలవగలమా?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా దమ్మపేట పేరెత్తితే ఇవాళ చాలామందికి ముందు గుర్తొచ్చేది పామాయిల్. మండలంలోని అప్పారావుపేటలోనే గెలల ఫ్యాక్టరీ ఉంది. ఈ తోటల మధ్యే కోయ గూడేలున్నాయి, పూసుకుంట లాంటి కొండరెడ్ల ఊళ్ళున్నాయి. పెళ్ళి ఊరేగింపంటే డీజే బాక్సులు దిగాల్సిందే. ఇలాంటి చోట ఆదివాసీ సంగీతం గురించి రెండు తీర్పులు తరచూ వినపడతాయి. డీజే వచ్చాక పాత పాట పోయిందనేది ఒకటి, యూట్యూబ్‌లోకి ఎక్కింది కాబట్టి బతికిపోయిందనేది రెండోది. రెండూ రికార్డునో సౌండు బాక్సునో చూసి చెప్పే తీర్పులే. పాట ఎవరి కోసం పుట్టింది, ఎవరు పిలిస్తే పాడతారు అన్న ప్రశ్న రెండింట్లోనూ లేదు.

ఆల్బం అనే కొలత ఎక్కడ నడుస్తుందో ముందు ఒక ఉదాహరణతో చూద్దాం. గ్రీన్ డే 1987లో కాలిఫోర్నియాలో మొదలైన పాప్-పంక్ బృందం. గిటారు, బేస్, డ్రమ్స్, వేగంగా సాగే చిన్న పాటలు వాళ్ళ సొత్తు. బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్న్ట్ చిన్ననాటి స్నేహితులు. ట్రే కూల్ 1990లో వాళ్ళతో కలిశాడు. 2024 జనవరిలో వచ్చిన 'సేవియర్స్' వాళ్ళ పద్నాలుగో స్టూడియో ఆల్బం. దాని నిర్మాత రాబ్ కవాలో 1994 నాటి 'డూకీ'కీ, 2004 నాటి 'అమెరికన్ ఇడియట్'కీ పనిచేసినవాడే. కొత్త ఆల్బం పేరుతో బయలుదేరిన ఆ ఏడాది టూర్‌లో ఈ రెండు పాత ఆల్బంలనూ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించారు. డూకీకి ముప్పై ఏళ్ళు, అమెరికన్ ఇడియట్‌కి ఇరవై ఏళ్ళు నిండిన సందర్భమది. దీన్నిబట్టి కొత్త పాటల్లో పస లేదని తేల్చేయడం తొందరపాటు. దీర్ఘకాలం నిలిచిన బృందం మీద శ్రోతకు ఒక హక్కు ఏర్పడుతుందని, ఆ హక్కు ఎక్కువగా పాత పాట మీదే ఉంటుందని చెప్పడానికి మాత్రం ఈ సాక్ష్యం సరిపోతుంది.

మన వైపు ఆ హక్కు ఇంకా గట్టిది. టికెట్ కొన్నందుకు వచ్చేది కాదది, పుట్టుకతో వచ్చేది. షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయ అన్న పేరు పక్కనే డోలి కోయ అని విడిగా ఉంటుంది. డోలి అంటే వాళ్ళ వాద్యం. వాయిద్యం పేరే ఒక సమూహం పేరై ప్రభుత్వ కాగితం దాకా వచ్చిందంటే, ఆ పని ఒకరిద్దరి సరదా కాదనీ, వంశాల వెంట నడిచిన బాధ్యత అనీ అనుకోవడానికి ఆధారం ఉన్నట్టే. కోయలు గట్లు అనే వంశ సమూహాల వారీగా ఉంటారు. మూడో గట్టు, నాలుగో గట్టు, అలా ఏడో గట్టు దాకా. ప్రతి గట్టుకూ ఇలవేలుపులుంటారు, వాళ్ళ కథ ఉంటుంది. ఆ కథను ఇలవేలుపు కొలుపుల్లో, జాతరల్లో పాడేది డోలి కోయలు.

ఆ కథ పాడేటప్పుడు ఎదుట ఉండే పడిగెను దగ్గరగా చూస్తే ఈ ఏర్పాటు అర్థమవుతుంది. అది త్రికోణాకారపు గుడ్డ. దానిమీద వేరే రంగుల గుడ్డముక్కలు కత్తిరించి మనుషుల్ని, జంతువుల్ని, గట్టు గుర్తుల్ని కుట్టి ఉంటారు. కథ నోట్లో ఉంటుంది, బొమ్మలు గుడ్డ మీద ఉంటాయి, పక్కన డోలి మోగుతుంది, తూతకొమ్ము పలుకుతుంది. గాయకుడు ఒక్కడే మోసే పాట కాదిది. ఒక గట్టు పడిగె ఎదుట ఇంకో గట్టు కథ పాడితే అక్కడ కూర్చున్న పెద్దలు ఊరుకుంటారా? నా ఉద్దేశంలో ఈ పాట ఇంతకాలం చెదరకుండా రావడానికి గాయకుడి జ్ఞాపకశక్తి ఎంత కారణమో, కథ తెలిసిన శ్రోత ఎదురుగా ఉండటం అంతే కారణం.

ఈ పరంపరకు మన కాలంలో అందరికీ తెలిసిన గొంతు సకిని రామచంద్రయ్యది. దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు దక్షిణపు అంచైతే, ఆయన ఊరు కూనవరం ఉత్తరాన మణుగూరు మండలంలో ఉంది. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కన్నుమూశారు. సమ్మక్క సారలమ్మల పేరిట రెండేళ్ళకోసారి జరిగే మేడారం జాతర 1996లో రాష్ట్ర పండుగైంది. అక్కడికి వచ్చే జనం లక్షల్లో ఉంటారు. అయితే ఆ లక్షల్లో కథ తప్పితే పట్టుకోగలవాళ్ళు ఎందరు? జనం పెరగడం, తెలిసిన శ్రోత పెరగడం వేర్వేరు సంగతులు.

పేరు, పాట, పురస్కారం మధ్య కార్యకారణాలు కట్టేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. అదే 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర కళాకారుడు మొగులయ్య ఉదాహరణ చూడండి. 'భీమ్లా నాయక్' సినిమా పాట 2021 సెప్టెంబరులో విడుదలై ఆయన గొంతును ఇంటింటికీ చేర్చింది. ఆ వెంటనే పద్మశ్రీ రావడంతో సినిమావల్లే వచ్చిందనేవాళ్ళున్నారు. కానీ 2015లోనే రాష్ట్ర ప్రభుత్వం ఆయనకు ఉగాది పురస్కారం ఇచ్చింది. సినిమా ప్రచారాన్ని పెంచి ఉండొచ్చు. గుర్తింపు అంతకు ముందే మొదలైంది. రామచంద్రయ్యకు అలాంటి సినిమా పాట తోడు లేకుండానే అదే పురస్కారం, అదే ఏడాది వచ్చింది.

ఇప్పుడు డోలి పాటను ఆల్బంగా తేవాలనుకునేవాళ్ళు తొందరపడేది ఒక్కచోటే. గంటల తరబడి సాగే కథను నాలుగు నిమిషాల ముక్కలుగా కోస్తారు. గ్రీన్ డే పాట పుట్టిందే ఆ నిడివికి, దానికి నష్టం లేదు. డోలి కథలో మాత్రం ఒక పూర్వీకుడి పేరు జారిపోతే ఒక ఇంటి వరుస జారిపోతుంది. అందుకే రికార్డు వద్దనను, కొలుపు మొదలు నుంచి ముగింపు దాకా రికార్డు చేయమంటాను. ఏ గట్టువాళ్ళు పిలిచారు, ఏ సందర్భం, ఏ పడిగె ఎదుట పాడారు, డోలి ఎవరిది, కొమ్ము ఎవరిది, వంత ఎవరిది అన్నది దానితోపాటే రాసి ఉంచాలి. ఒక ప్రతి ఆ గూడేనికి చేరాలి. పదేళ్ళ తర్వాత అదే గట్టు కొలుపులో మళ్ళీ రికార్డు చేస్తే, ఏ భాగం నిలిచింది, ఏ భాగం మారింది, ఎవరు కొత్తగా వంత అందుకున్నారు అన్నది రెంటినీ పక్కపక్కన పెట్టి వినొచ్చు. పాట పోయిందో బతికిందో అప్పుడు మాట్లాడొచ్చు.