పాఠశాలలో కళాశాల జీవశాస్త్రము

అమెరికాలో పిల్లలను చదివించుకొనుచున్న మన బంధువుల మాటలలో ‘ఏ.పి. బయాలజీ’ అను పేరు తరచుగా దొర్లుచుండును. ఆ రెండక్షరములు వినగానే మనకు ఆంధ్రప్రదేశము స్ఫురించుట సహజమే గాని, అక్కడ వాటి అర్థము వేరు. ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’, అనగా కళాశాలలో ఒక మెట్టు పైన స్థానము, అని దాని భావము. పదునారు, పదునేడేండ్ల బాలబాలికలు ఉన్నత పాఠశాలలోనే ఉండి, కళాశాల మొదటి సంవత్సరమున చెప్పవలసిన జీవశాస్త్రమును చదివి, మే నెలలో దేశమంతటికిని ఒక్కటిగా జరుగు పరీక్షకు కూర్చుందురు. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము వేరువేరు పత్రములుగా బై.పి.సి. చదివివచ్చిన తల్లిదండ్రులు దీనిని తమ చదువుతో పోల్చుకొని, పేర్లు, పటములు కంఠస్థము చేసిన చాలునని పిల్లలకు చెప్పుట కలదు. ఆ సలహా ఒకప్పుడు కొంతవరకు చెల్లినదే. ఇప్పుడు అది పిల్లవాని సంవత్సరమును పాడుచేయగలదు. ఎందుకో తెలియవలెనన్న ఈ పాఠ్యక్రమము పుట్టుపూర్వోత్తరములు కొంత చూడవలెను.

1951లో కొరియా యుద్ధము సాగుచుండెను. సైన్యమునకు పిలుపు వచ్చు వయసునకు ముందే యువకులకు కొంత కళాశాల విద్య చెప్పింపవలెనని అక్కడి విద్యావేత్తలు ఆలోచించిరి. ఫోర్డు ఫౌండేషను ఏర్పరచిన విద్యాభివృద్ధి నిధి చికాగో, కొలంబియా, విస్కాన్సిన్, యేల్ విశ్వవిద్యాలయములకు ధనమిచ్చి, పాఠశాల ముగియని బాలురను ముందుగా చేర్చుకొనుటకు తోడ్పడెను. పసివారిని ఇంటికి దూరముగా పంపు ఈ పద్ధతికి తల్లిదండ్రులందరు ఇష్టపడుదురా? పిల్లవానిని కళాశాలకు పంపుటకు బదులు కళాశాల పాఠమునే పాఠశాలకు తెప్పించినచో నష్టమేమి? అదే నిధి పోషించిన మరి రెండు పరిశోధనలు ఈ రెండవ మార్గమును పట్టుకొనినవి.

మొదటిది ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ పాఠశాలల అధ్యాపకులును, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల అధ్యాపకులును కలిసి చేసినది. 1952లో వెలువడిన వారి నివేదికలో తేలిన ముఖ్యవిషయము చాల సామాన్యమైనది: మంచి పాఠశాలలో చివరి రెండేండ్లు చదివినదానినే విద్యార్థి కళాశాలలో మొదటి రెండేండ్లు మరల చదువుచున్నాడు. రెండవ పరిశోధన ఒహాయో రాష్ట్రములోని కెన్యన్ కళాశాల అధ్యక్షుడు గోర్డన్ చామర్స్ చొరవతో జరిగెను. పన్నెండు కళాశాలలు కూడి, పాఠశాలలో ఏయే పాఠములు ఏ స్థాయిలో చెప్పినచో తాము అంగీకరింతుమో నిర్ణయించినవి. 1955లో కాలేజి బోర్డు అను సంస్థ ఈ భారమును స్వీకరించెను. 1956 మే నెలలో జరిగిన తొలి పరీక్షలకు 104 పాఠశాలలనుండి 1,229 మంది విద్యార్థులు హాజరై, 2,199 పత్రములు వ్రాసిరి. జీవశాస్త్రము ఆనాటినుండియు పరీక్షాంశములలో ఒకటి. నేడు ఆ ఒక్క పత్రమునే ఏటేట రెండు లక్షలకు పైబడిన వారు వ్రాయుచున్నారు. కొద్ది సంపన్న పాఠశాలలకొరకు పుట్టినది ఊరూరికిని ప్రాకినది.

ఐతే జీవశాస్త్రమునకు ఇతర శాస్త్రములకు లేని చిక్కు ఒకటి ఆ దేశమున ఉండెను. 1925లో టెనెస్సీ రాష్ట్రములోని డేటన్ పట్టణమున, పరిణామవాదమును బోధించెనను నేరముపై జాన్ స్కోప్స్ అను ఉపాధ్యాయుని విచారించి, నూరు డాలర్ల జరిమానా విధించిరి. పై న్యాయస్థానము 1927లో ఆ తీర్పును ఒక సాంకేతిక కారణముచేత కొట్టివేసెను గాని, చట్టము 1967 వరకు నిలిచియే యుండెను. పుస్తక ప్రచురణకర్తలు వ్యాపారులు. వివాదము వారికి గిట్టదు. తరువాతి పాఠశాల పుస్తకములలో పెక్కింట పరిణామమను మాట మూలకు ఒదిగెను, లేదా మాయమయ్యెను. ఆ సూత్రమును తీసివేసినచో జీవశాస్త్రము పేర్ల జాబితాగా మిగులును. కంఠస్థమునకు అది మిక్కిలి అనుకూలమైన స్థితి!

1957 అక్టోబరు 4న రష్యా స్పుత్నిక్‌ను ఆకాశమున నిలిపినపిదప అమెరికా తన పాఠశాలలవంక భయముతో చూచెను. ప్రభుత్వ ధనసహాయముతో 1958లో జీవశాస్త్ర పాఠ్యప్రణాళికాధ్యయన సంస్థ ఏర్పడెను. శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు కలిసి వ్రాసిన ఆ సంస్థ గ్రంథములు మూడు 1963లో వెలువడినవి. నీలము, ఆకుపచ్చ, పసుపు రంగులతోనే వాటిని గుర్తించెడివారు. ఒకటి అణువులనుండి, ఒకటి పరిసరములనుండి, ఒకటి కణమునుండి ప్రారంభించి జీవమును వివరించును. మూడింటిలోను పరిణామవాదము మరల నడిబొడ్డున నిలిచెను. ఇవి సామాన్య తరగతులకు వ్రాసినవే గాని, పై తరగతికి వచ్చు పిల్లలు ఈ పునాదితో రాసాగిరని చెప్పవచ్చును.

కాలక్రమమున మరియొక జబ్బు పట్టుకొనెను. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణము తెలిసినపిదప జీవశాస్త్రము ఏటేట ఉబ్బుచు వచ్చెను. క్రొత్తది చేరుచున్నది, పాతది తొలగుట లేదు. ప్రయోగశాలలో పన్నెండు ప్రయోగములను వంటపుస్తకము చూచి వండినట్లు వరుసగా చేసి ముగించెడివారు. ఇంత విస్తారము లోతునకు చేటని 2002లో అక్కడి జాతీయ పరిశోధనా మండలి విమర్శించెను. కాలేజి బోర్డు తీరికగా మేలుకొని, పదేండ్లకు, 2012లో, క్రొత్త ప్రణాళికను అమలులో పెట్టెను. పరిణామము, శక్తివినియోగము, సమాచారము, పరస్పర సంబంధములు అను నాలుగు మూలభావములు మిగిలినవి. శరీరావయవముల వర్ణనలు, వర్గీకరణములు చాలవరకు తగ్గినవి. 2013లో తొలి పరీక్ష జరిగినపుడు, అత్యున్నతమైన 5 అంకెను పొందినవారి భాగము ముందటి యేటికంటె బాగుగా పడిపోయెను.

మార్పు ఎట్టిదో ఒక ప్రయోగము చెప్పిన తెలియును. పాలకూర ఆకునుండి చిన్న బిళ్ళలు కత్తిరింతురు. వంటసోడా కలిపిన నీటితోపాటు వాటిని సూదిలేని సిరంజిలో ఉంచి, మూతిని వేలితో మూసి, పిడిని వెనుకకు లాగుదురు. ఆకులోని గాలి వెలికి వచ్చి, ఆ ఖాళీలలో నీరు చేరగా, బిళ్ళలు గ్లాసు అడుగునకు మునుగును. పైన దీపము వెలిగించిన కొన్ని నిమిషములకు ఆకులో పుట్టిన ప్రాణవాయువు బిళ్ళలను ఒక్కొక్కటిగా పైకి తేల్చును. వంటసోడా పని బొగ్గుపులుసుగాలిని అందించుట. ఇంతవరకు వంటపుస్తకమే. ఇకమీదట ప్రశ్న విద్యార్థిది. దీపము రంగు మార్చిన నేమగును? లేత ఆకు, ముదురాకు ఒకే వేగముతో తేలునా? పిల్లవాడు ప్రశ్నను ఎన్నుకొని, మారనీయరాని విషయములను గుర్తించి, నిమిషమునకు ఎన్ని బిళ్ళలు తేలెనో లెక్కించి, రేఖాపటము గీసి, తన అనుమానము నిలిచెనో లేదో చెప్పవలెను. తరగతి కాలములో కనీసము నాల్గవవంతు ఇట్టి పనికే కేటాయింపవలెనని నియమము.

పరీక్షయు అట్లే మారినది. తొంబది నిమిషములలో అరువది ప్రశ్నలకు సరియైన జవాబును ఎన్నుకొనవలెను. మరి తొంబది నిమిషములలో ఆరు ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను. సూత్రముల పట్టికను పరీక్షాధికారులే యిత్తురు, గణనయంత్రమును అనుమతింతురు. ఎన్నడును చూడని ప్రయోగపు అంకెలిచ్చి, వాటినుండి ఏమి తేలునని అడుగుదురు. పాఠములలో కణము శక్తిని వాడుకొను విధము ఒక పెద్ద భాగము. అందులో పుటపుటకును కనబడు ఏ.టి.పి. అను పదార్థమును 1929లో వెలికితీసినవారిలో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో పనిచేసిన భీమవరమువారైన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. పిల్లలకు ఈ సంగతి ఇంటిలోనే చెప్పవలసి యుండును. వారి పాఠ్యపుస్తకములలో ఆ పేరు సాధారణముగా ఉండదు.

తల్లిదండ్రులు పొరపడు మరియొక చోటు కలదు. మన దేశమున ప్రవేశపరీక్ష నెగ్గినవాడు నేరుగా వైద్యకళాశాలలో చేరును. అక్కడ వైద్యవిద్య సాధారణముగా నాలుగేండ్ల కళాశాల చదువు తరువాతనే. ఏ.పి. పరీక్షలో 3 వచ్చిన నొక కళాశాల గుర్తింపు నిచ్చును. మరియొకటి 5 కావలెననును. వేరొకటి ఏ అంకెకును ఇయ్యదు. ఇచ్చినను, పెక్కు వైద్యకళాశాలలు ఆ గుర్తింపును అంగీకరింపక, కళాశాలలో పై తరగతి జీవశాస్త్రమును చదివి రమ్మనును. 1952లో రెండుమార్లు చదువుట దండుగ యని మొదలైన ఏర్పాటు, వైద్యుడు కాగోరు పిల్లవానికి ఈ విధముగా మరల రెండవమారు చదువునే చూపుచున్నది. పరీక్షకు పేరు నమోదు నవంబరులోనే ముగియును. తరగతిలో చేరుటకు ముందు సామాన్య జీవశాస్త్రము, రసాయనశాస్త్రము చదివియుండవలెనని కాలేజి బోర్డే చెప్పుచున్నది. పిల్లవాడు రసాయనశాస్త్రము చదివెనా, కోరుకొను కళాశాల ఏ అంకెను ఒప్పుకొనును అను రెండు విషయములు, ఆ సంతకమునకు ముందే పాఠశాల సలహాదారుని అడిగి తెలిసికొనవచ్చును.