చెంచా మళ్లీ పొడవైంది

కొండలెక్కేవాళ్లు ఏ చెంచా పట్టుకెళ్లాలన్నది దాని బరువును బట్టి తేలుతుందనుకుంటాం. చరిత్ర చూస్తే మాత్రం, మూటలో ఏ తిండి ఉందన్నదే ఎక్కువసార్లు ఆ సంగతి తేల్చింది.

కేంబ్రిడ్జ్‌లోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో క్రీ.శ. 3వ శతాబ్దపు రోమన్ వెండి పనిముట్టు ఒకటుంది. చెంచా, మూడు ముళ్ల ఫోర్క్, కత్తి, పుల్ల లాంటి మరికొన్ని సరంజామా మడిస్తే ఒకే పిడిలో ఇమిడిపోతాయి. కత్తి అలుగు ఇనుముది కాబట్టి తుప్పు తినేసింది. దీన్ని చేయించుకున్నవాడు సామాన్యుడై ఉండడు. ఆ తర్వాత చాలా శతాబ్దాల పాటు యూరప్‌లో మామూలు బాటసారికి నడుముకున్న కత్తే దిక్కు. మిగతా పని వేళ్లూ రొట్టెముక్కా చూసుకునేవి. చద్దిమూట విప్పి చేత్తో కలుపుకునే మనకు ఆ కత్తి బెడద కూడా లేదు.

1861-65 అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఈ మడత పనిముట్లు సిపాయిల జేబుల్లోకి చేరాయి. వాటితో ఒక చిక్కు వచ్చింది. మాంసాన్ని ఫోర్క్‌తో అదిమిపట్టి కత్తితో కోయాలంటే రెండు చేతుల్లో రెండు వస్తువులుండాలి. అన్నీ ఒకే పిడికి బిగిస్తే కోసేదెలా? అందుకే కొన్ని రకాలను నిలువునా రెండుగా విడిపోయేలా చేశారు. 1874లో శామ్యూల్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ ఇంకో దారి పట్టి, చెంచా కొసకే ముళ్లు, పక్కన కత్తి అంచు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. మూడు పనులూ చేసే వస్తువు ఏ పనీ సరిగా చేయదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు.

అప్పటిదాకా బరువు బాధ సిపాయిది. సరదాకు అడవి తిరిగేవాళ్లకు ఆ పట్టింపు నేర్పినవాళ్లలో ముందువరసలో ఉన్నవాడు ‘నెస్‌మక్’ కలంపేరుతో రాసిన జార్జ్ వాషింగ్టన్ సియర్స్. 1883లో ఆయన అడిరాండాక్ సరస్సుల మీద తిరిగిన పడవ బరువు 10.5 పౌండ్లు, అంటే ఐదు కిలోలకు లోపే. మరుసటి ఏడాది ఆయన ‘వుడ్‌క్రాఫ్ట్’ పుస్తకం వచ్చింది.

1886లో హాల్, హెరూ అనే ఇద్దరు విడివిడిగా కనిపెట్టిన విద్యుద్విశ్లేషణ పద్ధతి అల్యూమినియాన్ని చవక చేసింది. ఉక్కులో మూడో వంతు బరువు. కానీ అల్యూమినియం చెంచా గట్టి పదార్థంలో గుచ్చితే వంగుతుంది, మరిగే పులుసులో ఉంచితే పెదవి కాలుస్తుంది.

ఇక టైటానియం. ఘనపరిమాణం లెక్కన ఇది అల్యూమినియం కంటే బరువైన లోహమే! గట్టిదనం ఎక్కువ కాబట్టి పలచగా సాగదీయొచ్చు, వేడి కూడా తొందరగా పాకదు. టైటానియాన్ని వేరుచేసే విలియం క్రోల్ పద్ధతి వచ్చాక యుద్ధవిమానాలకు వాడిన ఈ లోహాన్ని వంటసామాను చేసినవాళ్లలో జపాన్‌లోని సాంజో పట్టణపు స్నో పీక్ సంస్థ పేరున్నది. దాన్ని 1958లో యుకియో యమాయి అనే పర్వతారోహకుడు మొదలుపెట్టాడు. పక్క ఊరు త్సుబామే చెంచాలు, ఫోర్క్‌ల తయారీకి ప్రసిద్ధి, కాబట్టి పనితనానికి కొదవ లేదు. ఆ సంస్థ టైటానియం స్పోర్క్, అంటే కొసకు ఫోర్క్ ముళ్లున్న చెంచా, పదహారు, పదిహేడు గ్రాములకు మించదు.

అక్కడితో బరువు తగ్గించే పోటీ దాదాపు ముగిసింది. ఈలోగా తిండే మారిపోయింది. వియత్నాం యుద్ధంలో అమెరికా దూర గస్తీ దళాలకిచ్చిన, గడ్డకట్టించి ఎండబెట్టిన భోజనం తర్వాత ట్రెక్కింగ్ వాళ్లకూ దొరికింది. ప్యాకెట్ చించి వేడినీళ్లు పోస్తే చాలు, గిన్నె కడిగే పని లేదు. కోయడానికి మాంసం ముక్క లేదు కాబట్టి కత్తి పోయింది, గుచ్చడానికి ఏమీ లేదు కాబట్టి ఫోర్క్ ముళ్లూ అక్కర్లేకపోయాయి. కాకపోతే పొట్టి చెంచాతో ఆ లోతైన సంచి అడుగు దాకా కలపబోతే వేళ్లన్నీ పులుసే. గ్రాముల కోసం టూత్‌బ్రష్ పిడి కోసేసుకునే జనమే అలా రెండు మూడు గ్రాములు ఎక్కువైనా పొడవాటి కాడ చెంచా కొనడం మొదలుపెట్టారు. మడత చెంచా కొందామంటే దాని కీలులో మెతుకులు ఇరుక్కుంటాయి.

అమెరికాలో కొందరు అదీ కొనరు. ఐస్‌క్రీం దుకాణంలో ఊరికే ఇచ్చే పొడవాటి ప్లాస్టిక్ చెంచాను కడిగి సంచిలో వేసుకుంటారు. టైటానియం కంటే తేలిక. విరిగితే తర్వాతి ఊళ్లో ఇంకో ఐస్‌క్రీం.