కుక్కపిల్లల బొచ్చు రంగు

కుక్కపిల్లల బొచ్చు రంగు పుట్టినప్పుడు ఉన్నట్లే ఎల్లప్పుడూ ఉండదు. పుట్టుబొచ్చు రాలి కొత్త బొచ్చు వచ్చే కొద్దీ రంగు మారవచ్చు, కొత్త మచ్చలు కనిపించవచ్చు. ఇది చాలావరకు వంశపారంపర్య లక్షణమే గాని వ్యాధి కాదు.

కారణాలు

వెంట్రుకలకు రంగునిచ్చే వర్ణకం మెలనిన్. ఇందులో యూమెలనిన్ నలుపు, గోధుమ రంగులను, ఫియోమెలనిన్ పసుపు, ఎరుపు రంగులను ఇస్తాయి. వీటి పాళ్ళను జన్యువులు నిర్ణయిస్తాయి. వర్ణకకణాలు చేరని చోట బొచ్చు తెల్లగా ఉంటుంది.

ఉదాహరణలు

* డాల్మేషియన్ పిల్లలు దాదాపు తెల్లగా పుడతాయి. సుమారు 2 వారాలకు మచ్చలు కనబడతాయి.
* యార్క్‌షైర్ టెర్రియర్ పిల్లల నల్లని బొచ్చు క్రమంగా ఉక్కు నీలం రంగుకు మారుతుంది.
* వెంట్రుకల కొసలు నల్లగా ఉండే ఎర్ర కుక్కల పిల్లలు ముదురు రంగుతో పుట్టి తరువాత లేతబడతాయి.

పశువులలోనూ ఇటువంటి మార్పు ఉంది. ఒంగోలు జాతి దూడలు కొన్ని ఎర్రటి ఛాయతో పుట్టి, పెరిగే కొద్దీ తెల్లబడతాయి.

జాగ్రత్తలు

బొచ్చు ఊడి చర్మం కనబడడం, దురద, పొలుసులు ఉంటే అది రంగు మార్పు కాదు. గజ్జి లేదా తామర కావచ్చు. తామర మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు అంటుకుంటుంది.

ఎక్కువ తెలుపు గల కొన్ని జాతులలో లోపలి చెవిలోనూ వర్ణకకణాలు లోపించి పుట్టు చెవుడు రావచ్చు. పిలిస్తే పలకని అటువంటి పిల్లను మొండిదిగా భావించి కొట్టడం తగదు, పశువైద్యునికి చూపించాలి. విజయవాడ, ఇబ్రహీంపట్నం ప్రాంతాలకు సమీపంలోని గన్నవరంలో 1998లో స్థాపించిన ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది.