అణచే కణాలు – సికిల్ సెల్ రోగుల రక్తం

సికిల్ సెల్ వ్యాధి గురించి జీవశాస్త్ర పాఠాల్లో చదివే ఉంటారు. హిమోగ్లోబిన్ జన్యువులోని ఒకే ఒక మార్పు వల్ల ఎర్ర రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. 1952లో హెర్మన్ లేమన్, మారీ కట్‌బుష్ దీన్ని నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. విశాఖ మన్యంలో, ఆదిలాబాద్ గూడేల్లో కూడా ఈ వ్యాధి ఉంది. అయితే ఈ పాఠంలో మనం చూడబోయేది వంగిన కణాన్ని కాదు, రోగికి ఎక్కించే రక్తాన్ని.

వ్యాధి తీవ్రంగా ఉన్నవారికి పదేపదే రక్తం ఎక్కించవలసి వస్తుంది. గ్రూపు కుదిరినంత మాత్రాన చిక్కు తీరదు. ఎర్ర కణాలపై కెల్, డఫీ, కిడ్ వంటి ప్రతిజనకాలు ఇంకా అనేకం ఉంటాయి. రోగి శరీరం వాటిని పరాయివిగా ఎంచి ప్రతిరక్షకాలను తయారుచేస్తే, ఆ తరువాత సరిపడే రక్తం దొరకడమే గగనమవుతుంది. సరిపడని రక్తం ఎక్కిస్తే ఆ కణాలు ఒంట్లోనే నశించి ప్రాణం మీదికి రావచ్చు. 1990లో విచిన్‌స్కీ బృందం అమెరికాలో 107 మంది నల్లజాతి రోగులను పరిశీలించగా, 30 శాతం మందిలో ఇటువంటి ప్రతిరక్షకాలు కనిపించాయి. దాతలకూ రోగులకూ మధ్య ఉన్న జాతిభేదం ఇందుకు ఒక ముఖ్య కారణమని వారు భావించారు. మరి మిగిలిన 70 శాతం మంది ఎలా తప్పించుకున్నారు?

ఈ ప్రశ్నకు కావలసిన ఊహ అప్పటికి ఇరవై ఏళ్ల క్రితమే పుట్టి, నవ్వులపాలై ఉంది. థైమస్ గ్రంథి నుంచి వచ్చే టి-కణాలలో కొన్ని రోగనిరోధక చర్యను పెంచడానికి బదులు అణచివేస్తాయని 1970లో గెర్షన్, కొండో ప్రకటించారు. ఈ అణచే కణాలకు గుర్తుగా ఎలుకల్లో 'ఐ-జె' అనే జన్యువు ఉందని ఆ దశాబ్దంలో అందరూ నమ్మారు. 1980ల తొలినాళ్లలో డి.ఎన్.ఎ.ను పరిశీలిస్తే, చెప్పిన చోట ఆ జన్యువే లేదు! 1983లో గెర్షన్ మరణించారు. ఆ తరువాత చాలాకాలం ఈ కణాల పేరెత్తడానికే శాస్త్రజ్ఞులు జంకారు. ఇది కొంత తొందరపాటే అనిపిస్తుంది. చిరునామా తప్పయితే మనిషే లేడని అనం కదా.

జపాన్‌లో షిమోన్ సకగుచి మాత్రం వదలలేదు. సి.డి.25 అనే గుర్తు ఉన్న టి-కణాలను తీసివేసి, మిగిలినవాటిని థైమస్ లేని ఎలుకలకు ఎక్కిస్తే, వాటి శరీరం తన అవయవాలపైనే దాడి చేసింది. తీసిన కణాలను తిరిగి ఇస్తే దాడి జరగలేదు. ఇది 1995 నాటి మాట. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 జన్యువును కనుగొన్నారు. ఈ కణాలను తీర్చిదిద్దేది ఆ జన్యువేనని 2003లో తేలింది. 2025లో ఈ ముగ్గురికీ వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. పాత పేరుకు అంటిన మచ్చ కారణంగానేమో, ఇప్పుడు వీటిని 'నియంత్రక టి-కణాలు' అంటున్నారు.

2011లో న్యూయార్క్ బ్లడ్ సెంటర్ పరిశోధకులు, తరచూ రక్తం ఎక్కించుకునే సికిల్ సెల్ రోగుల్లో ఈ కణాలను పరీక్షించారు. ప్రతిరక్షకాలు ఏర్పడినవారిలో వీటి అణచే శక్తి తక్కువగా కనబడింది. అయితే ఆ బలహీనత ముందే ఉండి ప్రతిరక్షకాలకు దారితీసిందా, లేక తరువాత వచ్చిందా అన్నది ఇటువంటి పోలిక ఒక్కదానితో తేలదు. ఈలోగా ఆసుపత్రుల్లో చేయగలిగింది పాత పనే: వసతి ఉన్న చోట, రక్తం ఎక్కించక ముందే సి, ఇ, కెల్ ప్రతిజనకాలను కూడా సరిచూసి దాతను వెతకడం.