క్లారెండన్ అక్షరముల పుట్టుక, ప్రయోజనము

అచ్చుపుస్తకమునఁ బ్రధానపదమును లావుపాటి యక్షరములచే వేఱుపఱచుట నేఁడు సహజమైన యాచారముగాఁ దోఁచును. కాని యిది ముద్రణముతోడనే పుట్టినది కాదు. ఐరోపాలో ముద్రణ మారంభమయి దాదాపు నాలుగువంద లేండ్లు గడచిన పిదపఁగాని, సామాన్యాక్షరముల పంక్తిలో నిమిడి నిలువఁదగిన దళసరి యక్షరము ప్రత్యేకముగాఁ గల్పింపఁబడలేదు. ఆ కల్పనమే క్లారెండన్.

అంతకుముందు రోమను లిపిలో నొక పదమును వేఱుపఱుపవలసినచో, వాలుగా నుండు ఇటాలికు అక్షరములనో, ప్రాచీనమైన గోథికు అక్షరములనో వాడుచుండిరి. పందొమ్మిదవ శతాబ్ద్యాదిని లండను నగరమున వ్యాపారప్రకటనలు ప్రబలఁగా, గోడల కంటించు కాగితములకై మిక్కిలి బరువైన యక్షరములు వెలువడెను. 1815-17 ప్రాంతమున విన్సెంటు ఫిగ్గిన్సు 'ఆంటిక్' అను జాతిని బ్రకటించెను. అందు గీతలన్నియు నించుమించుగా సమానమైన లావు గలవి. గీతల కొనలయందలి సెరిఫులు, అనఁగా నడ్డుపీఠములు, పలకలవలె దళసరియై మూలలు తేలి యుండెను. ఇట్టి యక్షరములకు 'ఈజిప్షియను' అను పేరుకూడఁ గలిగెను గాని, ఈజిప్టుదేశపు లిపితో వానికి సంబంధము లేదు. ఇవి దూరస్థుల దృష్టి నాకర్షించుటకుఁ దగినవి. పుస్తకపంక్తిలో నిమిడినవి కావు.

1845లో లండనులోని ఫాన్ స్ట్రీటు అక్షరపుఁ బోతశాల క్లారెండనును బ్రకటించెను. దీనికిఁ గారకుఁడు రాబర్టు బెస్లీ. ఉక్కుదిమ్మెలపై నక్షరములఁ జెక్కినవాఁడు బెంజమిన్ ఫాక్సు. దీని రూపమున మూఁడు లక్షణములు ముఖ్యములు. మొదటిది: గీతలు లావైనను, లావుగీతకు సన్నగీతకు స్వల్పభేదము కలదు. రెండవది: సెరిఫు దళసరియే యైనను నిలువుగీతతో వంపుగాఁ గలియును, అందుచే ఆంటిక్కునందలి మోటుదనము తగ్గెను. మూఁడవది: అక్షరము ప్రక్కలకు నొక్కఁబడి యిఱుకుగా నుండును. లావు హెచ్చినచో వెడల్పు హెచ్చుట స్వభావము; వెడల్పు హెచ్చినచో నిఘంటువులందలి సన్నని నిలువువరుసలలోఁ బదము పట్టదు. కావున నీ యిఱుకుదనము కేవలాలంకారము కాదు. లావునకు సామాన్యపంక్తిలోఁ జోటు సంపాదించిన యుపాయము.

వ్యాకరణపరిచితుల కిచట నొక సామ్యము స్ఫురింపవచ్చును. పాణిని యధికారమును స్వరితస్వరముచే గుర్తింపవలయునని విధించెను. ఆ స్వరము పదమున కర్థాంతరము నీయదు. అధికారమును మాత్రము తెలుపును. కాలక్రమమున నా గుర్తులు సూత్రపాఠమునుండి లోపింపఁగా, అధికారనిర్ణయమునకు వ్యాఖ్యాతల సంప్రదాయమే శరణమయ్యెను. క్లారెండన్ చేయు పనియు నట్టిదే. 1884 మొదలు భాగములుగా వెలువడిన ఆక్స్‌ఫర్డు ఆంగ్లనిఘంటువున శీర్షపదములు క్లారెండన్ అక్షరములలో ముద్రింపఁబడెను. ఆ గుర్తు తొలఁగించినచో నొక్కపదమైనఁ దగ్గదు. కాని వెదకువానికి గ్రంథము దుర్గమమగును.

బెస్లీ యీ రూపమును 1845లోనే యలంకారరూపముల చట్టము ననుసరించి నమోదు చేయించెను. రక్షణకాలము మూఁడేండ్లు మాత్రమే. అది ముగియఁగానే తక్కిన పోతశాలలవా రనుకరించిరి. ఒక్క యక్షరజాతికి సంజ్ఞయైన క్లారెండన్ శబ్దము, ఆంగ్లముద్రాపకుల వ్యవహారమున దళసరి యక్షరములకు సామాన్యనామమయ్యెను. కర్తకు లాభము తగ్గినను, కల్పనము వ్యాపించెను.

1953లో స్విట్జర్లాండులోని హాస్ పోతశాలకై హెర్మన్ ఐడెన్‌బెంజు దీనిని బునరుద్ధరించెను. ఆ రూపము వెడల్పైనది. నేఁడు క్లారెండన్ అనఁగాఁ బలువురకు స్ఫురించున దట్టి రూపమే. కాని మూలరూపము నిఱుకుదనమును విడిచి దాని చరిత్రము నిర్ణయించుట యుక్తము కాదు. గోడపై నఱచుచుండిన లావును బుస్తకమున మితభాషిగాఁ జేసినది యా యిఱుకుదనమే యని గ్రహింపవలయును.